తడి చేతికి నచ్చిన చాకు

తాల్ సరస్సు ఒడ్డున ఎవరికి జేబు చాకు కావాలన్నా కొట్టుకి వెళ్లే ముందు మాంగ్ సియానో గుమ్మం తొక్కేవాళ్లు. ఆయన వెదురు బల్ల మీద కూచుని కాళ్లు ఊపుకుంటూ, వచ్చినవాడి మొహం చూడకుండా చేతులు చూసేవాడు. "తాడు ఏ చేత్తో పట్టుకుంటావ్?" అనడిగేవాడు. "పొద్దున్నే లేచి మొదట దేన్ని కోస్తావ్?" అనడిగేవాడు. ఆఖర్న, ఏమీ ఎరగనట్టు, "నలుగురిలో తీసి ఆడించి చూపిస్తావా?" అనేవాడు. ఆ మూడో ప్రశ్నకి వచ్చినవాడి మొహంలో కాస్త వెలుగు కనిపించిందా, "అయితే నా దగ్గరకెందుకొచ్చావు నాయనా, గాజుల కొట్టుకి పో" అని పంపేసేవాడు.

మడత చాకు సంగతిలో ఆ చుట్టుపక్కల ఆయన మాటకి చర్చి ఫాదరు మాటకున్నంత విలువ ఉండేది. కొంచెం ఎక్కువే అనాలి. ఫాదరు చెప్పింది సోమవారం దాకా కూడా ఎవరికీ గుర్తుండదు.

ఈ జ్ఞానం ఆయనకి తల్లి కడుపులోంచి వచ్చింది కాదు. ఇరవై రెండేళ్ల వయసులో ఒక చాకుని సరస్సు పాలు చేశాక వచ్చింది. అప్పటికాయన మాంగ్ కాదు, ఒట్టి సియానో. పెద్దవాళ్లని మాంగ్ అనీ, ఆడవాళ్లయితే ఆలింగ్ అనీ పిలవకపోతే అక్కడ పళ్లు రాలతాయి గాని, కొండ మీంచి దిగిన కుర్రాణ్ణి ఎవరేమని పిలిస్తేనేం? పూర్తి పేరు కాసియానో. లీపా కొండల్లో కాఫీ తోటల మధ్య పుట్టాడు. ఈత రాదు. చేపని కంచంలో చూడటమే గాని నీళ్లలో చూసిన పాపాన పోలేదు.

అవి సరస్సు నీళ్లు దోసిట పట్టి తాగే రోజులు. అగ్నిపర్వతం నీళ్ల నడుమ ముసలమ్మలా గొంతుక్కూచుని అప్పుడప్పుడు చుట్ట పొగ వదిలేది తప్ప ఎవరి జోలికీ వచ్చేది కాదు. చేపల్ని పెంచే వల పంజరాలు ఇంకా రాలేదు. ఒడ్డున నిలబడితే నీళ్లు, నీళ్ల మీద పక్కలకి వెదురు బొంగులు చాచుకున్న పడవలు, అంతే. ఆ ఒక్క సరస్సులో తప్ప మరెక్కడా పుట్టని తవిలిస్ అనే వేలెడు చేప వలల్లో వెండిపూసల్లా గుట్టలుగా పడేది. ఆ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకొచ్చిన ఒక పిల్లని చూసి, బస్సు కప్పు మీంచి మూటలు దింపుతున్న సియానో కాఫీ మూటొకటి కింద పడేశాడు. మూట పగిలింది. గింజలన్నీ ఏరేదాకా ఆ పిల్ల అక్కడే నిలబడి నవ్వింది. పేరు ఇలుమినాదా అనీ, ఇంట్లో లూమింగ్ అంటారనీ, తల్లి లేదనీ, తండ్రి ఎవారిస్తో పడవవాడనీ, అతనికి కోపమొస్తే చేపలు కూడా అవతలి ఒడ్డుకి పోతాయనీ ఆ గింజలేరుతున్నంతసేపట్లో చుట్టూ ఉన్నవాళ్లు సియానోకి చెప్పేశారు.

పిల్లని అడగాలంటే అక్కడ నోరుంటే చాలదు, నడుం ఉండాలి. పిల్ల ఇంట చాకిరీ చెయ్యాలి. నీళ్లు మొయ్యాలి, కట్టెలు కొట్టాలి, వడ్లు దంచాలి, చిరిగిన వలలకి అతుకులెయ్యాలి. పిల్లతో మాత్రం మాట్లాడకూడదు. ఎన్నాళ్లు? తండ్రి మనసు కరిగేదాకా. కొందరికి ఆర్నెల్లు, కొందరికి రెండేళ్లు. ఒకడు చాకిరీ చేసీ చేసీ ముసలాడైపోయి, ఆఖరికి ఆ పిల్ల అమ్మమ్మని చేసుకున్నాడని కూడా చెబుతారు. ఏ ఊళ్లో అని అడిగితే మాత్రం ఎవరూ నోరు విప్పరు.

సియానో నాలుగు నెలలు మోశాడు, కొట్టాడు, దంచాడు, కుట్టాడు. ఇక్కడ చేపల కొలువుకి కుదిరాడనుకుని కొండ మీద తల్లి ఇంట్లో ఉన్న రెండు దేవుడి పటాలకీ మొక్కుకుంది. ఒక సాయంత్రం మాంగ్ ఇస్తో, అంటే ఎవారిస్తో, కాళ్లు కడుక్కుంటూ పిలిచాడు. ఆయన మాటలు ఉప్పులా వాడే మనిషి.

"నీళ్లు బాగానే మోశావు."

సియానో పొంగిపోయాడు. "మీ దయండి."

"దున్నపోతు కూడా మోస్తుంది. వచ్చే వారం నుంచి పడవెక్కు. చాకుందా?"

"లేదండి."

"జేబులో చాకు లేనివాడు నా పడవలో బరువే గాని మనిషి కాదు. వెళ్లి కొనుక్కో."

"ఏది కొనమంటారండి?"

మాంగ్ ఇస్తో కాళ్లు తుడుచుకుని అన్నాడు: "నేను చెప్పను. చాకు ఎంచుకోవడం రానివాడికి నా కూతుర్ని ఎంచుకోవడం ఎలా వచ్చిందో చూస్తాను. నీళ్ల మీద పనికిరాని చాకు తెచ్చావా, దాంతోనే దారిపొడుగునా చెరుకు గడలు కోసుకు తింటూ మీ కొండెక్కెయ్యి."

చాకులకి వెళ్లాల్సింది బలిసోంగ్ పల్లెకి. ఊరి పేరే చాకు పేరు, చాకు పేరే ఊరి పేరు. రోడ్డుకి రెండు పక్కలా ఇళ్లు, ఇంటికో కొలిమి. బస్సు అక్కడికొచ్చేసరికి సుత్తుల మోతకి నిద్రపోయేవాడు లేచి కూచునేవాడు. చాకుకి రెండు పిడులుంటాయి. మూస్తే వాటి మధ్య కత్తి దాక్కుంటుంది, మణికట్టు ఒక్క విసురు విసిరితే రెండు పిడులూ వెనక్కి తిరిగి ఒకే పిడిగా కలిసి, కత్తి బయటికొస్తుంది. ఆ ఊరి ఆడవాళ్లు బస్సు కిటికీల దగ్గర రెండు చేతులా చాకులు విప్పి మూస్తుంటే సీతాకోకచిలకల గుంపు వాలినట్టుండేది.

సియానోని ఆలింగ్ బాసిలిసా పట్టుకుంది. కమ్మరి పోలికార్పో పెళ్లాం. బలమైన మనిషి, అంతకన్నా బలమైన నోరు.

"రా బాబూ రా! పెళ్లికాని మొహంలా ఉంది నీది. ఇది చూడు. ఇత్తడి పిడి, ముత్యపు చిప్ప పొదిగింది. చూశావా?" ఆమె చెయ్యి ఆడించింది. చాకు మూడు పల్టీలు కొట్టి, గాలిలో నిలబడి, మళ్లీ ఆమె గుప్పిట్లో పడింది. "దీన్ని జేబులో పెట్టుకున్నవాడికి పిల్లనివ్వనన్న మామగారు ఇంతవరకూ పుట్టలేదు."

ఆ మాటకి సియానో పడిపోయాడు. మెరిసేది, జానెడు పొడవుది, మొన సూదిలా ఉన్నది, చెయ్యి కదిపితే చాలు తనంత తనే తెరుచుకునేది. ఎండలో, పొడి చేత్తో, బల్ల ముందు నిలబడి పదిసార్లు ఆడించి చూసుకున్నాడు. పదిసార్లూ అది నాట్యం చేసింది. దారిపొడుగునా బస్సులో అదే పని. పక్కన కూచున్న ముసలాయన టోపీ అంచు తెగింది. ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చాకున్నవాడితో ఎవరు గొడవ పెట్టుకుంటారు?

సోమవారం పడవెక్కారు. తవిలిస్ పొలుసు చేతికి అంటిందంటే సబ్బు రాసుకున్నట్టే. వల లాగుతూ లాగుతూ సియానో చేతులు మోచేతుల దాకా జారుడు బండలైపోయాయి. మాంగ్ ఇస్తో లంగరు తాడు ఒకటి చూపించి, "ఆ ముడి కొయ్యి" అన్నాడు, అంతే.

కుడి చేత్తో తాడు పట్టుకున్నాడు. ఎడం చేత్తో చాకు తీశాడు. విసిరాడు. చాకు నాట్యం చేసింది. నాట్యం చేస్తూ చేస్తూ వేళ్ల మధ్యనుంచి పాములా జారి, పడవ అంచు మీద ఒక్కసారి మోగి, నీళ్లలో పడింది. ఎండకి చాలా లోతుదాకా మెరుస్తూ వెళ్లింది. అంత అందంగా మునిగిన వస్తువుని సరస్సులో అంతకు ముందు ఎవరూ చూడలేదు.

మాంగ్ ఇస్తో చాకు పోయిన చోటుని కొంచెంసేపు చూశాడు. "పోన్లే. చేపలకి మాత్రం గడ్డం గీసుకోవద్దూ?" అన్నాడు.

తర్వాత చాలా ఏళ్లు ఆ చాకు గురించి ఒడ్డున కథలుండేవి. ఒక పెద్ద చేప దాన్ని మింగి, లోపల అది తెరుచుకోవడంతో తన పొట్ట తానే కోసుకుని, సరాసరి బాసిలిసా వంటింటికి వచ్చిపడిందని చెప్పేవాళ్లు. అంతా నమ్మకండి. సగమే నిజం.

సియానోకి తల కొట్టేసినట్టయింది. ఒడ్డుకొచ్చి తన గుడ్డలు మూటగట్టుకుంటుంటే మాంగ్ ఇస్తో ఇంటి నిచ్చెన కింద నిలబడి అన్నాడు: "ఊరి పండగ ఇంక పదిహేను రోజులుంది. ఈలోగా ఇంకొకటి తే. మూడోది మాత్రం అడక్కు."

ఆయన రెండో అవకాశం ఎందుకిచ్చాడో అప్పుడు ఎవరికీ తెలియలేదు. తన మొదటి చాకు కూడా ఆ నీళ్లలోనే ఉందని ఆయన కాలం చేసే ముందు కూతురితో చెప్పాడట.

మర్నాడు సియానో ఇంటి వెనక మొద్దు మీద కట్టెలు కొడుతున్నాడు, కట్టెల మీద కోపమున్నట్టు. లూమింగ్ స్తంభాల మీది ఇంటి కిందనుంచి కోళ్లకి నూకలు జల్లుతూ వచ్చింది. ఎర్ర పెట్టని చూసి గట్టిగా అంది:

"ఏమే ఎర్రదానా! పొడి చేత్తో పెళ్లిచూపులకి పోయి, తడి చేత్తో కాపురం చేద్దామంటే కుదురుతుందటే?"

పెట్ట నూకలేరుకుంటోంది. సియానో గొడ్డలి ఆగిపోయింది.

"ఎండలో చూసిన సరుకు వానలో ఎలా ఉంటుందో చూసుకోవద్దుటే? ఏం చూడ్డం వచ్చిందే నీకు? మెరిస్తే చాలు, గాజుపెంకు కూడా పొడుచుకు తింటావు."

మాట్లాడకూడదన్న కట్టు సియానోకి గుర్తుంది. అందుకని అతను కట్టెల మొద్దుతో అన్నాడు: "మొద్దూ, నాకిప్పుడు అర్థమైందే."

"అమ్మయ్య!" అంది లూమింగ్, కోడితోనే. "సూర్యుడు నడినెత్తికొచ్చాక తెల్లారింది కొందరికి." మిగిలిన నూకలు ఒక్కసారే కుమ్మరించి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ నవ్విందో లేదో అతనికి వీపు మాత్రమే కనిపించింది. వీపులు కూడా నవ్వుతాయని ఆ రోజు తెలిసింది.

రెండోసారి బలిసోంగ్ పల్లెకి వెళ్లేటప్పుడు సియానో చేతిలో కిరసనాయిల్ డబ్బా ఒకటుంది. దాన్నిండా సరస్సు నీళ్లు, నీళ్లలో ముందురోజు పట్టిన దోసెడు తవిలిస్. దారిలో డబ్బా ఎండకి కాగింది. బస్సులో ఒక్కొక్కరే ముందు సీట్లలోకి జరిగిపోయారు. ఆఖరికి వెనక సగం బస్సు సియానోది, డబ్బాది.

"ఒరేయ్, అది దింపు, లేకపోతే నువ్వు దిగు!" కండక్టరు ముక్కు మూసుకుని అరిచాడు.

"పెళ్లి పనండి."

"ఎవరికి, పిల్లులకా?"

బాసిలిసా దూరంనుంచే గుర్తుపట్టింది. "రా బాబూ! మొన్నటి చాకు ఎలా కోస్తోంది?"

"బాగానే కోస్తుండాలండి. చేపలనడగాలి."

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని విరగబడి నవ్వింది. డబ్బా మూత తీశాక ఆ నవ్వు ఆగింది. "ఓరి దేవుడో! నువ్వు చాకు కొనడానికొచ్చావా, పులుసు పెట్టడానికొచ్చావా?"

"చాకులన్నీ చూస్తానండి. తడి చేత్తో."

ఒక తాడుని వాకిలి స్తంభానికి కట్టి, రెండో కొస కుడి చేతికి చుట్టుకుని, పడవ లాగుతున్నట్టు ఒళ్లంతా వెనక్కి వాల్చాడు. ఎడం చెయ్యి డబ్బాలో ముంచాడు. కళ్లు మూసుకున్నాడు. "ఇవ్వండి" అన్నాడు.

వాకిట్లో జనం పోగయ్యారు. పక్క కొలిముల్లో సుత్తులు ఆగాయి. బాసిలిసా తిడుతూనే ఒక్కొక్క చాకూ అతని ఎడం చేతిలో పెట్టింది. చర్చి బడిలో కన్యస్త్రీలు పిల్లల గోళ్లు చూసినట్టు సియానో ఒక్కొక్కదాన్నే వేళ్లతో తడిమాడు. ఇత్తడి పిడులన్నీ జారి దుమ్ములో పడ్డాయి. పిడుల మేకులు వదులుగా బిగించినవి విసరగానే ఇటూ అటూ ఊగి వేళ్లు కొరికాయి. మరీ గట్టిగా బిగించినవి ఎడం చేతికి తెరుచుకోనే లేదు. చివరికి బర్రె కొమ్ము పిడులవి ఆరు మిగిలాయి. అవి చేతికి అతుక్కున్నట్టే ఉన్నాయి, తెరుచుకున్నాయి, మూసుకున్నాయి.

"హమ్మయ్య. ఆరింట్లో ఒకటి తీసుకుని నా వాకిలి వదులు" అంది బాసిలిసా.

"ఒక్క గంట ఆగండి" అని సియానో ఆరింటినీ డబ్బాలో పడేశాడు.

అప్పుడామె వేసిన కేకకి కొలిమిలోంచి కమ్మరి పరుగెత్తుకొచ్చాడు. "చూశావా పోలీ, చూశావా! నా సరుకంతా కుడితిలో వేశాడు!"

పోలికార్పో పొట్టి మనిషి. కనుబొమలు ఎప్పుడో నిప్పురవ్వలకి కాలిపోయి మళ్లీ మొలవలేదు. అందుకని ఎప్పుడు చూసినా ఆశ్చర్యపోతున్నట్టే ఉంటాడు. భార్యని మాట్లాడనివ్వకుండా చెయ్యెత్తి, డబ్బా పక్కన గొంతుక్కూచుని, చుట్ట ముట్టించాడు. గంట గడిచింది. సియానో చాకులు తీశాడు. కొమ్ము నీళ్లు తాగి ఉబ్బింది. కత్తి పిడుల మధ్య ఇరుక్కుని, ఆరూ ఆరు మొండి పిల్లల్లా నోళ్లు బిగించుకున్నాయి.

"ఇరవయ్యేళ్లుగా అమ్ముతున్నాను. ఈ మాట ఎవరూ నాకు చెప్పలేదే" అన్నాడు కమ్మరి.

"కొనేవాళ్లు ఇంటికి తీసుకెళ్లి మామిడికాయలు కోసుకుంటారండి. మునగరు."

కమ్మరి నవ్వుతూ తన నడుం దగ్గర దోపుకున్న చాకు తీసి సియానో తడి చేతిలో పెట్టాడు. పాత ఎముక పిడి, పసుపు తిరిగింది, మీద అడ్డగీతలు గరగరలాడుతున్నాయి. కళ్లు మూసుకునే విసిరాడు. తెరుచుకుంది. మూశాడు. మళ్లీ తెరిచాడు. వేళ్లు దాన్ని ముందునుంచీ ఎరిగున్నట్టే ఉంది.

"ఇదండీ!"

"అది నాది. అమ్మేది కాదు. మా నాన్న కోసం చేశాను, మళ్లీ నాకొచ్చింది."

"ఇలాంటిదొకటి చేసిపెట్టండి. పండగ లోపల."

"తిత్తి ఊదేవాడు జ్వరంతో పడుకున్నాడు. నువ్వు ఊదుతావా?"

ఎనిమిది రోజులు ఊదాడు. బాసిలిసా అన్నం పెడుతూ రోజూ ఒకటే మాట: "ఒక్క పిల్లకోసం రెండిళ్ల చాకిరీ! ఇంతకీ ఆ పిల్ల ఎలా ఉంటుంది? రెండు ముక్కులున్నాయా ఏం?" అంటూనే ఉడికించిన చేప మీద పంది కొవ్వు కాస్త ఎక్కువే వేసేది. చేపల డబ్బా మాత్రం నాలుగిళ్లవతల పాతిపెట్టించింది.

పోలికార్పో ప్రతి పనికీ ముందు సుత్తి ఆపి అడిగేవాడు. చాకు కొనడమంటే ఒక్కసారి ఎంచుకోవడం కాదనీ, ఒకదాని తర్వాత ఒకటి పదిసార్లు ఎంచుకోవడమనీ సియానోకి ఆ కొలిమి దగ్గరే తెలిసింది.

"తుప్పు పట్టని ఉక్కు కావాలా, పదునెక్కే ఉక్కు కావాలా?"

"రెండూ."

"రెండూ కావాలంటే రెండు పెళ్లాలు కావాలన్నట్టే. ఒకటి చెప్పు."

సియానో ఒక పూట ఆలోచించాడు. తడిసిన తాడుని మొద్దు చాకుతో రంపంలా కొయ్యాల్సొస్తే ఏమవుతుందో ఊహించుకున్నాడు. "పదునెక్కేది. తుప్పు సంగతి నేను చూసుకుంటాను. రోజూ తుడిచి కొబ్బరినూనె రాస్తాను."

"నెల రోజులు రాస్తావు. తర్వాత మర్చిపోతావు."

"మర్చిపోనండి."

మర్చిపోలేదు కూడా. యాభై ఏళ్లపాటు ఆయన దగ్గర కొబ్బరినూనె వాసన వచ్చేది. ఒడ్డున పిల్లలు అది ఆయన జుట్టుకనుకునేవాళ్లు. జుట్టు పోయాక కూడా వాసన పోకపోయేసరికి ఆశ్చర్యపోయారు.

కమ్మరి యుద్ధం నాటి జీపు స్ప్రింగు పట్టీ ముక్క నిప్పుల్లో పెట్టాడు. "పొడవు?"

"నాలుగు వేళ్లు."

"జానెడు వద్దూ?"

"చేప వేలెడుంటే చాకు జానెడెందుకండి? పడవ ఊగినప్పుడు పొడుగు చాకు పట్టుకున్నవాడు ముందు తన తొడే కోసుకుంటాడు."

పిడుల మధ్య సందు వెడల్పుగా ఉంచమన్నాడు, పొలుసు ఇరుక్కుంటే నీళ్లలో ఒకసారి జాడిస్తే పోవాలి. పిడుల చివర వాటిని కలిపి పట్టే గొళ్లెం బొటనవేలికి చూడకుండా తగిలేటట్టు కొంచెం బయటికి ఉంచమన్నాడు. ఇవన్నీ కమ్మరికి నచ్చాయి. మొన దగ్గరకొచ్చేసరికి మాత్రం ఇద్దరికీ పేచీ వచ్చింది.

"మొండి మొనా! చాకుకి మొన వద్దనేవాణ్ణి నా జన్మలో చూళ్లేదు. నా చేతి పని చూసి ఊరు నవ్వదూ?" పోలికార్పో నిజంగానే నొచ్చుకున్నాడు.

"నాలుగు నెలలు వలలకి అతుకులేశానండి. మొన దిగిన ఒక్క వల కన్ను నావి మూడు పూటలు తినేసింది. ఒక కన్ను తెగితే పక్క కన్ను దాన్ని చూసి నేర్చుకుంటుంది. నీళ్లలో చెయ్యి పెట్టి, కనపడకుండా తాడు కొయ్యాలంటే, మొన గుండ్రంగా ఉండాలి. వల మీద జారాలిగాని దిగకూడదు."

పోలికార్పో చుట్ట సగం దాకా కాల్చాడు. తర్వాత మొనని ఆకురాయితో గుండ్రంగా అరగదీశాడు, మేనల్లుణ్ణి మంగలికి అప్పగించినవాడిలా మొహం పెట్టుకుని.

పండగ ముందురోజు సియానో చాకు తెచ్చి మాంగ్ ఇస్తో ముందు పెట్టాడు. ఆయన ముట్టుకోలేదు. చూశాడు.

"ముసలి కోతి పన్నులా ఉంది."

"ఔనండి."

"ముందుదే నయం. చూడ్డానికైనా బావుండేది." లేచాడు. "తెల్లారగానే పడవెక్కు. పండక్కి చేప కావాలి."

తెల్లవారేసరికి ఈశాన్యం గాలి లేచింది. అగ్నిపర్వతం పక్కన నీళ్లు తెల్లగా నురగలు కక్కుతున్నాయి. వేరే పడవలు వెనక్కి తిరిగాయి. మాంగ్ ఇస్తో వల విడిచాడు. గాలి పడవని తోసుకుంటూ పోయింది. పాతకాలం చేపల దడికి పాతిన గుంజలు ఒకచోట నీళ్ల కింద మిగిలిపోయాయి. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆ గాలిలో ఎక్కడున్నాయో మాత్రం ఎవరికీ తెలియదు. వల అంచుకి కట్టిన పైతాడు వాటిలో ఒకదానికి చుట్టుకుంది. పడవ గిర్రున తిరిగి అలలకి అడ్డం పడింది. ఒక పక్క వెదురు బొంగు నీళ్లలో మునిగింది, రెండోది గాలిలోకి లేచింది.

మాంగ్ ఇస్తో చేతులు రెండూ తెడ్డు మీదున్నాయి. తెడ్డు వదిలితే పడవ బోర్లా పడుతుంది. ఆయన సియానో వైపు చూశాడు.

సియానోకి ఈత రాదని చెప్పుకున్నాం. ఆ వల ఖరీదు అతనికి తెలుసు. దాన్ని అల్లడానికి ఆ ముసలాయనకి రెండు వానాకాలాలు పట్టాయనీ తెలుసు. అడ్డంగా కోసి పారేస్తే పడవ బతుకుతుంది, ఇల్లు చస్తుంది. కొయ్యకపోతే ఇద్దరూ చస్తారు. అతను మునిగిన బొంగు మీద బోర్లా పడుకుని, కుడి చేత్తో దాన్ని వాటేసుకుని, ఎడం చేత్తో చాకు తీశాడు. చెయ్యంతా పొలుసు జిగురు. మొహం మీద అల కొట్టింది. కళ్లు మూసుకుపోయాయి. చాకు తెరుచుకున్న చప్పుడు ఆ గాలిలో వినపడలేదు గాని, చేతికి తెలిసింది.

నీళ్ల కింద తడిమాడు. పైతాడు దొరికింది. తాడుకి వలని కుట్టిన కట్లు దొరికాయి. మొండి మొనని కట్టుకీ వలకీ మధ్య దూర్చాడు. అది వల మీద జారింది, దిగలేదు. ఒక కట్టు తెగింది. రెండోది. తల పైకెత్తి ఊపిరి పీల్చుకుని మళ్లీ ముంచాడు. ఏడు కట్లు కోశాడు. వల తాడుని వదిలి పక్కకి జారింది. అప్పుడు బిగిసి ఉన్న ఒట్టి తాడుని ఒక్క కోత కోశాడు. గుంజ పడవని వదిలింది. పడవ ఒక్క ఊపు ఊగి అలలకి ఎదురు తిరిగి నిలబడింది.

కొండ నీడలోకి, గాలి తగలని చోటికి వచ్చారు. సియానో పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. మాంగ్ ఇస్తో తెడ్డు పడవలో పెట్టి, వల పైకి లాగడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క మూరా వేళ్ల మధ్యనుంచి పోనిచ్చాడు. చేపలు దులుపుతూ, కన్ను కన్నూ చూస్తూ, చివరిదాకా లాగాడు. మళ్లీ మొదటికొచ్చి కట్లు తెగిన చోట రెండోసారి చూశాడు.

"తాడు కోశావు."

"ఔనండి."

"వల కొయ్యలేదు."

"లేదండి."

ఆయన చెయ్యి చాచాడు. సియానో చాకు ఇచ్చాడు. మాంగ్ ఇస్తో జిగురు చేత్తోనే దాన్ని మూశాడు, తెరిచాడు, మళ్లీ మూశాడు. గుండ్రటి మొనని బొటనవేలితో రుద్దాడు. ఒక తవిలిస్ పట్టుకుని పొట్ట చీల్చి, శుభ్రంచేసి, పడవ అంచు మీద పెట్టాడు. చాకు నీళ్లలో జాడించి సియానో చేతికిచ్చేశాడు. మళ్లీ తెడ్డు పట్టుకున్నాడు. పది తెడ్లు వేశాక, ఒడ్డు వైపు చూస్తూ అన్నాడు:

"మీ వాళ్లు కొండ దిగి మా ఇంటి నిచ్చెన ఎప్పుడెక్కుతారు?"

ఆ ఊళ్లలో ఆ ప్రశ్నకి ఒకటే అర్థం. అబ్బాయి తల్లిదండ్రులు వండుకున్న అన్నం, కాల్చిన పంది పట్టుకుని పిల్ల ఇంటి నిచ్చెన ఎక్కారంటే ఇక మిగిలేది ముహూర్తమే. సియానో గొంతులో సరస్సు నీళ్లు ఇంకా ఉన్నాయి. దగ్గాడు.

"ఎల్లుండండి!"

"ఎల్లుండి కాదు." మాంగ్ ఇస్తో తెడ్డు ఆపలేదు. "ఆదివారం రమ్మను. ఎల్లుండి పైతాడు మళ్లీ కుట్టాలి. ఏడు కట్లు. నువ్వు ఆ పక్కనుంచి మొదలెట్టు, నేను ఈ పక్కనుంచి వస్తాను."